చిన్న పికప్, వెనుక చిన్న ఇల్లు: బరువు ఎక్కడ ఉండాలి?



ఎడ్లబండికి బస్తాలు ఎక్కించడం మీలో కొందరైనా చూసే ఉంటారు. బండి నింపే రైతు మొత్తం బరువు ఎంత అని మాత్రమే చూడడు. ముందుకెంత, వెనక్కెంత అని కూడా చూస్తాడు. ముందుకు మరీ ఎక్కువైతే కాడి ఎద్దుల మెడలను నొక్కేస్తుంది. వెనక్కు ఎక్కువైతే నొగ పైకి లేస్తుంది, మెడ కింద కట్టిన తాళ్లు ఎద్దుల గొంతులను బిగిస్తాయి. అందుకని బరువు కొంచెం ముందుకే మొగ్గేలా బస్తాలు సర్దుతాడు. ఆ "కొంచెం" ఎంత అన్నదే ఈ పాఠంలోని అసలు ప్రశ్న. అయితే మనం చూడబోయే బండిని ఎద్దులు లాగవు. అమెరికా రహదారుల మీద చిన్న పికప్ ట్రక్కులు లాగుకుపోయే విహార ట్రైలర్లను ఉదాహరణగా తీసుకుందాం. మీటల సూత్రం, గురుత్వ కేంద్రం, జడత్వ భ్రామకం, గతిజ శక్తి అని పుస్తకంలో వేర్వేరు అధ్యాయాలుగా చదివినవన్నీ ఇక్కడ ఒకే బండిలో కనిపిస్తాయి.

ముందుగా ఆ రెండు వాహనాలను పరిచయం చేసుకుందాం. పికప్ అంటే ముందు మనుషులు కూర్చునే క్యాబిన్, వెనుక సామాను వేసుకునే తెరచిన తొట్టి ఉన్న వాహనం. అమెరికాలో సాధారణ పికప్‌లు చాలా పెద్దవి. చిన్నవాటిని అక్కడ మొదట ప్రచారంలోకి తెచ్చినవి డాట్సన్, టయోటా వంటి జపాన్ కంపెనీలు. దీని వెనుక ఒక తమాషా చరిత్ర ఉంది. ఐరోపా దేశాలు అమెరికా కోడిమాంసంపై సుంకం పెంచాయని, అందుకు బదులుగా అమెరికా 1964 నుంచి దిగుమతి అయ్యే తేలికపాటి ట్రక్కులపై 25 శాతం సుంకం వేసింది. కోళ్ల తగాదా ఏనాడో ముగిసిపోయినా ట్రక్కులపై సుంకం మాత్రం పోలేదు. 1980ల ప్రారంభంలో షెవ్రొలే ఎస్-10, ఫోర్డ్ రేంజర్ పేర్లతో అమెరికన్ కంపెనీలే చిన్న పికప్‌లు తయారుచేశాయి. తరువాత అవి క్రమంగా కనుమరుగయ్యాయి. 2021లో ఫోర్డ్ కంపెనీ మావెరిక్ అనే బండితో ఆ తరగతిని మళ్లీ తెరిచింది.

ఇక ట్రైలర్. రెండు చక్రాలు, ఒక ఇరుసు, ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప నొగ, వాటిపైన ఒక చిన్న గది. అందులో పడక, పొయ్యి, నీళ్ల ట్యాంకు, ఒక బల్ల ఉంటాయి. 1968లో కెనడాలోని విన్నిపెగ్ నగరంలో రే ఒలెకో అనే వ్యక్తి ఫైబర్‌గ్లాస్‌తో 13 అడుగుల ట్రైలర్ తయారుచేశాడు. దాని పేరు బోలర్. రెండు గిన్నెలను అంచులు కలిపి బోర్లించినట్లు పై సగం, కింది సగం విడివిడిగా పోతపోసి అతికించేవారు. చెక్క చట్రం లేనందువల్ల బరువు బాగా తగ్గింది. చిన్న కారు కూడా లాగగల ఇల్లు అలా వచ్చింది. నేటికీ చిన్న పికప్ ఉన్నవారు కోరుకునేది ఇలాంటి గుండ్రటి, తేలికైన ట్రైలర్లనే.

ఎంత తేలికైనదైతే సరిపోతుంది? పికప్ అమ్మేవాడు చెప్పే అంకె ఒకటే: ఎంత బరువు లాగగలదు అని. 2022 మావెరిక్‌ను తీసుకుంటే, మామూలుగా 2,000 పౌండ్లు, అంటే సుమారు 907 కిలోలు. ప్రత్యేక ఏర్పాట్లతో కొన్న టర్బో ఇంజను బండి అయితే 4,000 పౌండ్లు, అంటే సుమారు 1,814 కిలోలు. కొనేవాడు ఈ రెండో అంకె చూసి సంతోషిస్తాడు. కాని అతన్ని ముందుగా ఇబ్బంది పెట్టేది ఈ అంకె కాదు. పికప్ తన వీపు మీద మోయగల బరువు అనే మరో అంకె ఉంది. మావెరిక్‌లో అది గరిష్ఠంగా 1,500 పౌండ్లు, సుమారు 680 కిలోలు. బండికి అదనపు హంగులు పెరిగినకొద్దీ ఇది తగ్గుతుంది. ఏ బండికి ఎంత అన్నది డ్రైవరు తలుపు చట్రం మీద అతికించిన చీటీలో ఉంటుంది.

లాగే బరువుకు, మోసే బరువుకు సంబంధం ఏమిటి? ట్రైలర్ నొగ చివర పికప్ వెనుక ఉన్న ఇనుప బంతి మీద కూర్చుంటుంది. ఆ బంతి మీద పడే బరువును అమెరికాలో టంగ్ వెయిట్ అంటారు, నాలుక బరువు అని అర్థం. మనకు ఎడ్లబండి ఉంది కాబట్టి నొగ బరువు అందాం. ట్రైలర్ మొత్తం బరువులో నొగ బరువు 10 నుంచి 15 శాతం ఉండాలని అక్కడి నియమం. పికప్ దీన్ని లాగడమే కాదు, మోయాలి కూడా.

లెక్క వేద్దాం. 1,814 కిలోల ట్రైలర్‌కు 12 శాతం చొప్పున నొగ బరువు 218 కిలోలు. నలుగురు మనుషులు, ఒక్కొక్కరు 75 కిలోలు అనుకుంటే 300 కిలోలు. మొత్తం 518. ఇక మిగిలింది 162 కిలోలు. తొట్టిలో ఐస్ పెట్టె, గ్యాస్ సిలిండరు, కుర్చీలు, గుడారం, పనిముట్లు పడేసరికి ఇది ఇట్టే నిండిపోతుంది. లాగే శక్తి ఇంకా ఉన్నట్లే కనిపిస్తుంది, మోసే శక్తి మాత్రం అయిపోతుంది. అదే ట్రైలర్ 800 కిలోలదైతే నొగ బరువు 96 కిలోలే. 284 కిలోల చోటు మిగులుతుంది. చిన్న పికప్‌కు చిన్న ట్రైలరే తగినదని అనుభవజ్ఞులు అనడం ఊరికే కాదు.

ఆ 96 కిలోలు సరిగ్గా ఎక్కడ పడుతున్నాయో కూడా చూడాలి. బంతి వెనుక ఇరుసు మీద లేదు, దానికి ఇంకా వెనుక ఉంది. ఆ దూరం 1.2 మీటర్లు, పికప్ రెండు ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లు అనుకోండి. వెనుక ఇరుసు ఆధార బిందువుగా ఇది ఒక మీట. వెనుక 96 కిలోలు 1.2 మీటర్ల దూరంలో కిందికి నొక్కితే, ముందు 3 మీటర్ల దూరంలో ఉన్న ఇరుసు 96 × 1.2 ÷ 3, అంటే సుమారు 38 కిలోల మేర తేలికవుతుంది. వెనుక ఇరుసు మీద 96 కాదు, 96 + 38, అంటే 134 కిలోలు పెరుగుతాయి. నొగ బరువు 218 కిలోలైతే ముందు ఇరుసు 87 కిలోలు కోల్పోతుంది. దారి తిప్పేవి ముందు చక్రాలే. వాటి మీద బరువు తగ్గితే రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. ముందు చక్రాలే నడిపే బండి అయితే తడి రోడ్డు మీద ఎక్కుడులో చక్రాలు ఊరికే తిరుగుతాయి కూడా. రాత్రిపూట హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలోకి కొడతాయి. పెద్ద ట్రైలర్లు లాగేవారు రెండు స్ప్రింగు కడ్డీలు ఉన్న ప్రత్యేక కొక్కెం వాడి, ఈ బరువులో కొంత మళ్లీ ముందు ఇరుసుకు పంపిస్తారు.

ఇలాగైతే నొగ బరువు బాగా తగ్గించేస్తే పోదా అని మీకు అనిపించవచ్చు. చాలామంది చేసే పొరపాటు సరిగ్గా ఇదే. ప్రమాదం అక్కడే ఉంది.

మన 800 కిలోల ట్రైలర్‌లో ఇరుసు నుంచి బంతి వరకు 3 మీటర్లు అనుకుందాం. నొగ బరువు 96 కిలోలు ఉండాలంటే గురుత్వ కేంద్రం ఇరుసుకు 96 × 3 ÷ 800, అంటే 0.36 మీటర్లు ముందు ఉండాలి. మీ అడుగు కంటే కాస్త ఎక్కువ, అంతే. ఇప్పుడు ఇరుసుకు 1.5 మీటర్లు వెనుక ఉన్న ట్యాంకులో 60 లీటర్ల నీళ్లు నింపారు. ట్రైలర్ 860 కిలోలైంది. నొగ బరువు మాత్రం 60 × 1.5 ÷ 3, అంటే 30 కిలోలు తగ్గి 66కు వచ్చింది. ఆ తరువాత వెనుక బంపరుకు, ఇరుసుకు 2.4 మీటర్ల దూరంలో, 30 కిలోల బరువున్న రెండు సైకిళ్లు తగిలించారు. మరో 24 కిలోలు తగ్గాయి. ఇప్పుడు ట్రైలర్ 890 కిలోలు, నొగ బరువు 42 కిలోలు. 12 శాతం నుంచి 5 శాతం కంటే కిందికి దిగింది. పికప్ తేలిగ్గా ఉన్నట్లు అనిపిస్తుంది, వెనుక భాగం కిందికి కుంగదు, అంతా బాగున్నట్లే కనిపిస్తుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో నిజంగా బాగానే ఉంటుంది.

గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఒక పెద్ద లారీ పక్కనుంచి దాటిపోయింది అనుకోండి. దాని గాలి ట్రైలర్‌ను పక్కకు తోస్తుంది. బంతి దగ్గర ట్రైలర్ తలుపు బందు మీద తిరిగినట్లు తిరగగలదు కాబట్టి అది ఒక పక్కకు ఊగుతుంది. ట్రైలర్ టైర్లు దాన్ని తిరిగి వరుసలోకి తెస్తాయి. జడత్వం వల్ల అది వరుస దాటి రెండో పక్కకు పోతుంది. ఇది డోలనం. మామూలుగా టైర్ల ఘర్షణ ఈ డోలనాన్ని రెండు మూడు ఊపుల్లో చంపేస్తుంది. మీ పుస్తకంలో దీన్నే అవరుద్ధ డోలనం అంటారు.

అయితే ఈ అవరోధం వేగంతో పాటు తగ్గిపోతుంది. ఎందుకో చూడండి. టైరు పక్కకు బలం ఇవ్వాలంటే అది చూస్తున్న దిశకు, అది నిజంగా పోతున్న దిశకు మధ్య ఒక కోణం ఉండాలి. ట్రైలర్ ఒకే పక్క వేగంతో ఊగుతున్నప్పుడు, ముందుకు పోయే వేగం పెరిగినకొద్దీ ఆ కోణం తగ్గుతుంది. కోణం తగ్గితే ఊపును ఆపే బలం తగ్గుతుంది. ఒక వేగం దగ్గర అది సున్నా అవుతుంది. ఆ వేగం దాటితే ప్రతి ఊపూ ముందు ఊపు కంటే పెద్దదవుతుంది. చివరకు ట్రైలర్ పికప్ తోకను పట్టి ఊపుతుంది, పికప్ అడ్డం తిరుగుతుంది. గురుత్వ కేంద్రం వెనక్కు జరిగిన ట్రైలర్‌కు ఈ ప్రమాదవేగం తక్కువ. నొగ బరువు 12 శాతం ఉన్నప్పుడు డ్రైవరు ఎన్నడూ అందుకోని వేగం, 5 శాతానికి దిగినప్పుడు అతను రోజూ పోయే వేగమే కావచ్చు. ఉదయం బాగా నడిచిన బండి మధ్యాహ్నం, నీళ్లు నింపుకున్న తరువాత, ఎందుకు ఊగిందో అతనికి అర్థం కాదు.

ఇంకొక చిక్కు ఉంది. తెలివిగలవాడు, వెనుక నీళ్ల ట్యాంకు ఉంది కదా అని ముందు కొసన బ్యాటరీలు, పనిముట్ల పెట్టె పెట్టి సరిచేస్తాడు. త్రాసు మీద నొగ బరువు సరిగానే వస్తుంది. కాని ట్రైలర్ ఇప్పుడు రెండు కొసల బరువున్న కర్రలా తయారైంది. జడత్వ భ్రామకం దూరం వర్గంతో పెరుగుతుందని మీకు తెలుసు. ఇరుసుకు 0.5 మీటర్ల దూరంలో ఉన్న వస్తువును 1.5 మీటర్లకు జరిపితే దూరం మూడింతలే, భ్రామకం తొమ్మిదింతలు. అలాంటి ట్రైలర్ ఊగడం మొదలుపెడితే ఆపడం కష్టం. బరువైన వస్తువులు ఇరుసుకు దగ్గరగా, కొంచెం ముందుగా, కింద నేల మీద ఉండాలి. దుప్పట్లు, బట్టలు కొసల్లో ఉన్నా ఫరవాలేదు.

మన తెలుగు విద్యార్థులకు కూడా ఇది దూరపు విషయం కాదు. అమెరికాలో చదువు ముగించి ఉద్యోగం వచ్చిన ఊరికి మారేటప్పుడు చాలామంది సామాను ట్రైలర్ అద్దెకు తీసుకుంటారు. అద్దెకిచ్చే యూ-హాల్ సంస్థ, సామాను బరువులో 60 శాతం ట్రైలర్ ముందు సగంలో ఉండాలని, గంటకు 55 మైళ్లు దాటవద్దని చెబుతుంది. సామాను ఎక్కించే తొందరలో తేలికైన అట్టపెట్టెలు ముందు వేసి, చివరగా పరుపు, వాషింగ్ మెషిన్ వెనుక తోసేవారు ఆ 60 శాతం వెనుక ఉన్న లెక్క తెలిస్తే అలా చేయరు. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బండ్లకు 55 మైళ్లే, అంటే సుమారు 88 కిలోమీటర్లే, చట్టబద్ధమైన గరిష్ఠ వేగం. బ్రిటన్ మోటారు మార్గాల మీద మామూలు కార్లకు 70 మైళ్లు, ట్రైలర్ లాగే కార్లకు 60.

ఊగడం మొదలైతే ఏం చేయాలి? చేతులు, కాళ్లు సహజంగా చేయబోయేవి రెండూ తప్పే. స్టీరింగు ఎదురు తిప్పి ఊపును సరిచేయబోతే, మన చేయి కదిలేసరికి ట్రైలర్ ఇటువైపు వచ్చేస్తుంది, మన తిప్పుడు ఊపుకు తోడవుతుంది. ఉయ్యాలను సమయం చూసి తోసినట్లే అది. పికప్ బ్రేకు గట్టిగా తొక్కితే ముందు బండి నెమ్మదించి, వెనుక ట్రైలర్ దాన్ని తోస్తుంది. తాడును లాగితే నిటారుగా వస్తుంది, తోస్తే వంకర పోతుంది కదా. కాబట్టి స్టీరింగును నిటారుగా గట్టిగా పట్టుకుని యాక్సిలరేటరు వదిలేయాలి. ట్రైలర్‌కు సొంత బ్రేకులుంటే వాటిని మాత్రమే చేతి మీటతో వేయాలి. అప్పుడు వెనుకది ముందుదాన్ని తోయకుండా వెనక్కు లాగి నిటారుగా చేస్తుంది.

ఆ బ్రేకుల పనితీరు చక్కనిది. పికప్ నుంచి తీగ ద్వారా వచ్చిన కరెంటు ట్రైలర్ చక్రం డ్రమ్ములోని విద్యుదయస్కాంతానికి చేరుతుంది. అది తిరిగే డ్రమ్మును అంటుకుని, దానితో పాటు కొంచెం కదిలి, ఒక మీటను లాగి బ్రేకు దిమ్మెలను తెరుస్తుంది. అంటే చక్రాన్ని ఆపే శ్రమలో పెద్ద భాగం చక్రమే చేస్తుంది. ట్రైలర్ ఊడిపోతే ఒక తీగ లాగబడి, నొగ మీది చిన్న బ్యాటరీ ఈ బ్రేకులను తానే వేస్తుంది. నొగ కింద రెండు గొలుసులను ఒకదానిపై ఒకటి అడ్డంగా కట్టడం కూడా అందుకే. నొగ జారినా రోడ్డును పొడవకుండా ఆ గొలుసుల ఊయలలో పడుతుంది.

బ్రేకులు ఎందుకు ముఖ్యమో అంకెల్లో చూడండి. మనుషులతో పికప్ 2,000 కిలోలు, ట్రైలర్ సుమారు 900. సెకనుకు 25 మీటర్ల వేగంలో, అంటే గంటకు 90 కిలోమీటర్ల దగ్గర, పికప్ ఒక్కదాని గతిజ శక్తి 6,25,000 జౌళ్లు. ట్రైలర్‌తో కలిపి 9,06,250. ఇంతకంటే కష్టమైనది కొండ దిగుడు. కొలరాడోలో రాకీ పర్వతాలు దాటే దారుల్లో 6 శాతం దిగుళ్లుంటాయి. ఆ దిగుడులో ఈ 2,900 కిలోలు సెకనుకు 20 మీటర్ల వేగంతో దిగుతుంటే, గురుత్వాకర్షణ 2,900 × 9.8 × 0.06 × 20, అంటే సుమారు 34 కిలోవాట్ల సామర్థ్యంతో తోస్తూ ఉంటుంది. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు 34 ఒకేసారి వేసినంత. గాలి, టైర్లు కొంత మింగినా మిగిలినదంతా బ్రేకుల్లోనే వేడిగా మారితే అవి కాలి పట్టు విడుస్తాయి. శ్రీశైలం, తిరుమల ఘాట్‌లలో తక్కువ గేరులో దిగమని డ్రైవర్లకు చెప్పడానికి కారణం ఇదే. ఇంజను ఆ భారంలో కొంత తీసుకుంటుంది.

గాలి విషయం ఒక్క మాట. గాలి నిరోధాన్ని గెలవడానికి కావలసిన సామర్థ్యం వేగం ఘనంతో పెరుగుతుంది. 80 నుంచి 100 కిలోమీటర్లకు పెంచితే దాదాపు రెండింతలు. ట్రైలర్ గోడలా నిలబడితే ఇంధనం ఎటు పోతుందో చెప్పనక్కరలేదు.

మన దేశంలో ఇలాంటి ఇళ్ల ట్రైలర్లు అరుదు. కేంద్ర పర్యాటక శాఖ 2009లో కారవాన్ పర్యాటకానికి విధానం ప్రకటించినా, మనకు కనిపించేవి ఎక్కువగా వ్యానును, బస్సును ఇల్లుగా మార్చినవే. కాని నొగ బరువు సూత్రం మన ప్రతి ఊళ్లోనూ ట్రాక్టర్ ట్రాలీ రూపంలో తిరుగుతోంది. ట్రాలీలో ముందు బరువెక్కువైతే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలికవుతాయి. గట్టు ఎక్కేటప్పుడు అవి నేల విడుస్తాయి. వెనుక బరువెక్కువైతే ట్రాలీ ఊగుతుంది. ఇక ట్రాలీని వెనక్కు నడపడంలో మన ట్రాక్టర్ డ్రైవర్లకు ఉన్న నేర్పు విహార ట్రైలర్ కొన్న అమెరికన్‌కు నెలల తరబడి రాదు. వెనక్కు పోవడమంటే తాడును తోయడమే. స్టీరింగును కింది భాగంలో పట్టుకుని, ట్రైలర్ ఏ వైపు పోవాలో చేతిని ఆ వైపే కదపమని అక్కడ కొత్తవారికి నేర్పుతారు.

ఇప్పుడు నొగ బరువు కొలవడం. దీనికి ఖరీదైన యంత్రం అక్కరలేదు, ఇంట్లో మనిషి బరువు చూసుకునే త్రాసు చాలు. అయితే అది చిన్నది, 96 కిలోలు దానిపై నేరుగా మోపడం మంచిది కాదు. ఒక బలమైన చెక్క పలక తీసుకుని, ఒక కొసన ఇటుక, రెండో కొసన త్రాసు పెట్టండి. ఇటుక నుంచి ఒక వంతు, త్రాసు నుంచి రెండు వంతుల దూరంలో నొగను పలక మీద దించండి. నొగ ఎత్తు పికప్‌కు తగిలించినప్పుడు ఉన్నంతే ఉండాలి, ట్రైలర్ చక్రాలకు అడ్డు పెట్టి ఉండాలి. మీట సూత్రం ప్రకారం త్రాసు మీద మూడో వంతే పడుతుంది. ముందుగా ఖాళీ పలకకు వచ్చిన అంకెను తీసివేసి, మిగిలినదాన్ని 3తో గుణించాలి. త్రాసు 32 చూపితే నొగ బరువు 96.

మీరు చేయవలసిన లెక్క: మన 890 కిలోల ట్రైలర్‌లో నీళ్ల ట్యాంకును ఇరుసుకు 0.5 మీటర్లు ముందుకు మార్చండి. సైకిళ్లను తీసి పికప్ తొట్టిలో వేయండి. నొగ బరువు 96 + 60 × 0.5 ÷ 3, అంటే 106 కిలోలు కావాలి. 860 కిలోల ట్రైలర్‌లో అది 12 శాతం పైచిలుకు. తరువాత పికప్ మోసే 680 కిలోలలో నలుగురు మనుషులను, సైకిళ్లను, ఈ 106 కిలోలను తీసివేయండి. ఇంకా 244 కిలోలు మిగలాలి.